పాతిక మాటల పనితనం

టెక్సస్‌లో ఉంటున్న మా చెల్లెలు ఓ రాత్రి ఫోన్ చేసింది. కొడుకుని బడిలో చేర్పిస్తోంది. అక్కడ పబ్లిక్ స్కూలంటే మన సర్కారు బడే. ఫీజుండదు, ఆ పేటలోనే ఉంటున్నట్టు కాగితం చూపిస్తే చేర్చుకుంటారు. నింపాల్సిన కాగితాల్లో ఒకటి మాత్రం దాన్ని తికమక పెట్టింది. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు? పిల్లవాడు ఎక్కువగా ఏ భాష మాట్లాడతాడు? అందులో ఉన్నవి ఈ ప్రశ్నలే.

"అన్నయ్యా, ఇంగ్లీషు అని రాసేయమంటున్నారు ఇక్కడి మనవాళ్ళు. తెలుగు అని రాస్తే పిల్లాణ్ణి వేరే కూర్చోబెడతారట, వెనకబడ్డవాడని ముద్ర పడుతుందట. ఏం రాయను?"

రేపు చెప్తానన్నాను. ఆ కాగితం ఎక్కడినుంచి పుట్టిందో చూద్దామని కూర్చుంటే తెల్లవారుజాము దాకా లేవబుద్ధి కాలేదు. అంతవరకూ చట్టాలను అవసరం పడితే చూడటమే తప్ప ఇష్టపడి చదివిన అలవాటు లేదు. ఆ రాత్రి మాత్రం ఒక చట్టంలోని ఒకే ఒక్క క్లాజూ, దానికి ముందొకటి వెనకొకటి వచ్చిన రెండు తీర్పులూ నన్ను వదల్లేదు. మాట ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఎరిగినవాళ్ళ చేతిలోంచి వచ్చిన రాతలవి. ఆ పనితనం నలుగురికీ చూపించాలని ఈ వ్యాసం.

సంగతి శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. 1970ల మొదట్లో అక్కడి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు 2,856 మంది ఉండేవారు. వాళ్ళలో ఓ వెయ్యి మందికి విడిగా ఇంగ్లీషు నేర్పేవారు. మిగిలిన సుమారు 1,800 మందికి ఏమీ లేదు. వచ్చేవారు, కూర్చునేవారు, గంట కొట్టగానే వెళ్ళిపోయేవారు. కిన్నీ కిన్‌మన్ లౌ అనే పిల్లవాడి పేరు ముందు పెట్టి వాళ్ళందరి తరఫునా దావా వేశారు. ప్రతివాదుల్లో మొదటి పేరు స్కూలు బోర్డు అధ్యక్షుడు ఆలన్ నికల్స్‌ది. చరిత్రలో ఇది లౌ వర్సెస్ నికల్స్‌గా నిలిచింది.

కింది కోర్టు దావా కొట్టేసింది. అప్పీలు కోర్టూ అదే దారి పట్టింది. ఏ పిల్లవాడైనా పుట్టిపెరిగిన తీరును బట్టి కొన్ని అనుకూలాలతో, కొన్ని లోట్లతో బడి గుమ్మం తొక్కుతాడు, బడి అందరికీ ఒకటే ఇస్తోంది కదా, ఇందులో వివక్ష ఎక్కడుంది అని అడిగింది. ఈ వాదన వినగానే తోసెయ్యగలిగేది కాదు. ఒకే పుస్తకం, ఒకే పంతులు, ఒకే గది. పంక్తిలో అందరికీ ఒకే వడ్డన. సమానత్వం అంటే ఇంకేం కావాలి?

1974 జనవరి 21న సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు ఆరేడు పేజీలకు మించదు. రాసింది జస్టిస్ విలియం డగ్లస్. నేనైతే ఆ పిల్లల అవస్థతో మొదలుపెట్టేవాణ్ణి. ఆయన కాలిఫోర్నియా రాష్ట్రం తన చేత్తో రాసుకున్న నిబంధనలనే తీసి వరసగా పేరుస్తాడు. ఆరేళ్ళనుంచి పదహారేళ్ళ దాకా పిల్లలు బడికి వచ్చి తీరాలి. బడిలో బోధన ప్రధానంగా ఇంగ్లీషులో. పిల్లలందరూ ఇంగ్లీషులో దిట్టలు కావడం రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యం. ఇంగ్లీషులో నిర్ణీత స్థాయి అందుకోనివాడికి పన్నెండో తరగతి పట్టా ఇవ్వరు. ఇవన్నీ విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు పట్టేది కాదు. పక్కపక్కన పెట్టేసరికి వల బిగుస్తుంది. రాకపోతే ఊరుకోం, వస్తే ఇంగ్లీషులోనే చెప్తాం, ఇంగ్లీషు రాకపోతే పట్టా ఇవ్వం, ఆ ఇంగ్లీషు మాత్రం నేర్పం.

ఆ వరస పూర్తయ్యాకే అసలు మాట వస్తుంది. ఒకే వసతులు, ఒకే పుస్తకాలు, ఒకే ఉపాధ్యాయులు, ఒకే పాఠ్యక్రమం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదు, భాష అర్థంకాని పిల్లలకు చదువు అన్నదే మూసుకుపోతుంది అంటాడు డగ్లస్. ఏ నైపుణ్యాలు నేర్పడానికి బడి ఉందో ఆ నైపుణ్యాలు ముందే వచ్చి ఉండాలని షరతు పెట్టడం ప్రభుత్వ విద్యను ఎగతాళి చేయడమే అని కూడా అంటాడు. తీర్పు మొత్తంలో స్వరం కాస్త పెరిగేది ఇక్కడొక్కచోటే. అప్పటికి చదివేవాడి చేతిలో కాలిఫోర్నియా నిబంధనలన్నీ ఉన్నాయి కాబట్టి ఆ మాట అతికినట్టు నిలబడుతుంది.

ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాలో ఎంచుకోవడం కూడా పనితనమే. రాజ్యాంగం హామీ ఇచ్చిన సమాన రక్షణ అనే పెద్ద గుమ్మం ఎదురుగానే ఉంది. కాని ఈ తీర్పుకు పది నెలల కిందటే, 1973 మార్చిలో, టెక్సస్ బడుల నిధులకు సంబంధించిన రాడ్రిగెజ్ కేసులో అదే కోర్టు 5-4తో చీలిపోయి, విద్య రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. డగ్లస్ ఆ గుమ్మం జోలికే వెళ్ళలేదు. ఆ వాదనలోకి మేం దిగడం లేదని ఒక్క వాక్యంలో చెప్పి, 1964 పౌరహక్కుల చట్టం 601వ సెక్షన్ పట్టుకున్నాడు. కేంద్రం డబ్బు తీసుకునే ఏ కార్యక్రమమూ జాతి, రంగు, పుట్టిన దేశం ఆధారంగా వివక్ష చూపకూడదంటుంది ఆ సెక్షన్. డబ్బు తీసుకున్నప్పుడే ఆ షరతుకు బోర్డు ఒప్పుకుంది. చిన్న గుమ్మమే, కాని తొమ్మిది మంది న్యాయమూర్తులూ అందులోంచి పట్టారు. ఫలితం విషయంలో ఒక్కరూ విభేదించలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆయన ఆగిన చోటు. మరి ఏం చెయ్యాలి? ఆ పిల్లలకు ఇంగ్లీషు నేర్పడం ఒక దారి, వాళ్ళకు చైనీసులో చదువు చెప్పడం ఇంకో దారి, వేరే దారులూ ఉండవచ్చు, బోర్డు తన నైపుణ్యం వాడి ఈ పరిస్థితి సరిదిద్దాలన్నదే దావా వేసినవాళ్ళ కోరిక అన్నాడు. అంతే, అంతకు మించి ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. తరగతి గదిలో కూర్చోని న్యాయమూర్తి ఉపాధ్యాయుడికి బోధన పద్ధతి రాసివ్వలేదు. ఆ నిగ్రహాన్ని బలహీనత అన్నవాళ్ళు ఉన్నారు. ఇంకాస్త గట్టిగా చెప్పి ఉంటే వెంటనే మేలు జరిగేదేమో. కాని ఆనాటి ఏదో ఒక పద్ధతిని తీర్పులో బిగించి ఉంటే, ఆ పద్ధతికి కాలం చెల్లినప్పుడు తీర్పుకీ చెల్లేది.

ఆ తీర్పులో ఒక ముల్లు కూడా ఉంది. జస్టిస్ బ్లాక్‌మన్ ఫలితాన్ని ఒప్పుకుంటూనే విడిగా కొద్ది పంక్తులు రాశాడు. ఈ కేసుకు గుండెకాయ సంఖ్యే, 1,800 మంది ఉన్నారు గనక సరే, రేపు జర్మనో పోలిషో మాట్లాడే పిల్లవాడు ఒక్కడే వస్తే ఈ తీర్పు వాడికి వర్తిస్తుందని నేననుకోను అని. ప్రధాన న్యాయమూర్తి బర్గర్ ఆయనతో కలిశాడు. నాలుగు వీధులవతల ఇంకో తెలుగు ఇల్లు లేని ఊళ్ళో కాపురముంటున్న వాళ్ళకు ఆ పంక్తులు గుచ్చుకుంటాయి.

ఏడు నెలలు తిరిగాయి. 1974 ఆగస్టు 21న, పదవిలోకి వచ్చి రెండు వారాలైనా నిండని అధ్యక్షుడు ఫోర్డ్ విద్యా సవరణల చట్టం మీద సంతకం పెట్టాడు. అందులో ఒక భాగం సమాన విద్యావకాశాల చట్టం. దాని పుట్టుక వేరే గొడవలో ఉంది. నల్ల పిల్లలనీ తెల్ల పిల్లలనీ కలపడానికి బస్సుల్లో దూరపు బడులకు పంపాలన్న కోర్టు ఉత్తర్వుల మీద అప్పట్లో పెద్ద రగడ. ఆ ఉత్తర్వులకు పగ్గం వెయ్యాలన్నది ఈ చట్టానికి అసలు ప్రేరణ. అలాంటి చట్టంలో, సమాన విద్యావకాశం నిరాకరించడం అంటే ఏవేవో చెప్పే ఆరు క్లాజుల వరసలో, చిట్టచివర, (ఎఫ్) అన్న అక్షరం కింద మన క్లాజు ఉంది. దాని మీద కాంగ్రెసులో చర్చ కూడా పెద్దగా జరగలేదు.

ఇంగ్లీషులో లెక్కపెట్టాను, సరిగ్గా పాతిక మాటలు. తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: తన బోధనా కార్యక్రమాల్లో తన విద్యార్థులు సమానంగా పాల్గొనకుండా అడ్డుపడే భాషా అవరోధాలను అధిగమించేందుకు విద్యాధికార సంస్థ తగిన చర్య తీసుకోకపోవడం.

మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి 'తీసుకోకపోవడం' మనకు చివర పడింది. ఇంగ్లీషులో క్లాజు మొదలయ్యేదే ఆ లోపంతో. బరువంతా అక్కడే ఉంది. చెడ్డ పని చెయ్యడం నేరమని చాలా చట్టాలు చెప్తాయి. ఇక్కడ ఏమీ చెయ్యకుండా ఊరుకోవడమే హక్కు కాలరాయడం. మేం ఎవర్నీ బయటికి పంపలేదు, తలుపులు తెరిచే ఉంచాం అన్న బోర్డు జవాబు మొదటి అడుగులోనే వీగిపోతుంది.

తర్వాత 'అవరోధం'. 1970 మే 25న కేంద్ర ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ ఇదే విషయం మీద బడులకు పంపిన మెమోలో వాడిన మాట 'భాషా లోపం'. మంచి మెమోయే, డగ్లస్ తీర్పు దాని మీద కూడా ఆధారపడింది. కాని లోపం అంటే అది పిల్లవాడిలో ఉన్నట్టు. అవరోధం అంటే పిల్లవాడికీ పాఠానికీ మధ్య ఉన్నది. నాలుగేళ్ళలో ఆ ఒక్క మాట మారింది, దాంతో వేలు చూపించే దిక్కే మారింది. మా చెల్లెలు భయపడ్డ 'ముద్ర' పాత మాటలో ఉంది, కొత్త మాటలో లేదు.

'తన' అన్నది రెండుసార్లు రావడం చూడండి. తన విద్యార్థులు, తన కార్యక్రమాలు. ఎక్కడినుంచో వచ్చిన పరాయి పిల్లలు కారు. గడప దాటి లోపలికి వచ్చిన క్షణంనుంచీ ఆ బడి పిల్లలే. 'పాల్గొనడం' అన్న మాటా అలాంటిదే. 'హాజరు' అని రాసుంటే బెంచీ మీద కూర్చోబెట్టి చేతులు దులుపుకోవచ్చు. పాల్గొనడం అంటే చెయ్యెత్తి జవాబు చెప్పాలి, లెక్క తప్పితే ఎందుకు తప్పిందో అడగగలగాలి.

'తగిన చర్య' దగ్గర మొదట నా మనసు కీడు శంకించింది. ఇలాంటి మెత్తటి మాటలు మనకు కొత్త కాదు. మన 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ మాతృభాషలో బోధన గురించి చెప్తూ 'ఆచరణ సాధ్యమైనంత వరకు' అంటుంది. ఆ మాట పట్టుకుని ఎవరైనా ఎంత దూరమైనా జారుకోవచ్చు. ఇక్కడి 'తగిన'కి అలా జారే వీలు లేదు, ఎందుకంటే దాని వెంటనే 'అధిగమించేందుకు' అన్న మాట కాపలా ఉంది. ఏ దారిలో వెళ్తావో నీ ఇష్టం, ఆ గోడ మాత్రం దాటించాలి.

లేని మాట సంగతి కూడా చెప్పాలి. ఆరు క్లాజుల్లో మొదటిది పిల్లల్ని 'ఉద్దేశపూర్వకంగా' వేరు చేయడం గురించి. ఆ విశేషణం అక్కడ ఉంది, (ఎఫ్)లో లేదు. అంటే బడివాళ్ళ మనసులో దురుద్దేశం ఉందని తల్లిదండ్రులు రుజువు చేయనక్కర్లేదు. మంచి మనసుతో ఏమీ చెయ్యకపోయినా అది చెయ్యకపోవడమే. ఇక ఆరు క్లాజులకూ కలిపి పైన ఒక ప్రారంభ వాక్యం ఉంది. ఏ రాష్ట్రమూ జాతి, రంగు, లింగం, పుట్టిన దేశం కారణంగా ఒక 'వ్యక్తి'కి సమాన విద్యావకాశం నిరాకరించరాదు అని. సమూహం అనలేదు, సముదాయం అనలేదు, వ్యక్తి అంది. బ్లాక్‌మన్ గీసిన గీత ఇక్కడ లేదు. 1,800 మంది అక్కర్లేదు, ఒక్కడు చాలు.

మంచి క్లాజుకి మంచి చదువరి కూడా దొరకాలి. దానికి ఏడేళ్ళు పట్టింది. టెక్సస్ దక్షిణపు కొసన రియో గ్రాండే లోయలో రేమండ్‌విల్ అనే చిన్న ఊరుంది. పిల్లల్లో నూటికి ఎనభై అయిదు మంది మెక్సికన్ అమెరికన్లు. అక్కడి బడుల మీద తల్లిదండ్రులు వేసిన కేసు కస్టనేడా వర్సెస్ పికార్డ్. 1981 జూన్ 23న అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తరఫున తీర్పు రాసింది జడ్జి కెరొలిన్ డినీన్ రాండల్. 'తగిన చర్య' అంటే ఏమిటో తేల్చడానికి ఆమె మూడు ప్రశ్నలు తయారుచేసింది. ఈ బడి ఎంచుకున్న పద్ధతికి, ఆ రంగం తెలిసిన నిపుణులు కొందరైనా ఒప్పుకునే సిద్ధాంతం ఆధారంగా ఉందా? ఆ సిద్ధాంతాన్ని నిజంగా అమలు చేయడానికి తగిన మనుషుల్ని, సామగ్రిని పెట్టారా? కొంతకాలం నడిపాక ఫలితం వచ్చిందా, రాకపోతే మార్చారా?

ఈ మూడు ప్రశ్నల వరసలో ఎంత ఆలోచన ఉందో చూడండి. మొదటి ప్రశ్నలో జడ్జి వెనక్కి తగ్గుతుంది, విద్యావేత్తల తగువులు తీర్చడం నా పని కాదు అంటుంది. రెండో ప్రశ్నలో ఒకడుగు ముందుకొస్తుంది. మూడో దానికి వచ్చేసరికి తరగతి గది తలుపు తీసి లోపలికి చూస్తుంది.

రెండో ప్రశ్నతో ఆమె రేమండ్‌విల్‌ను పరీక్షించిన తీరు నాకు కళ్ళకు కట్టింది. అక్కడ కాగితం మీద రెండు భాషల బోధన ఉంది. చెప్పేవాళ్ళలో చాలామందికి స్పానిష్ అంతంతమాత్రం. వాళ్ళకు రాష్ట్రం 100 గంటల శిక్షణ ఇప్పించింది. దాని లక్ష్యం 700 స్పానిష్ మాటలు. శిక్షణ అయ్యాక పరీక్ష పెట్టి, స్పానిష్‌లో ఒక పేరా రాయమన్నారు. నిఘంటువు చూసుకోవచ్చన్నారు. నిఘంటువు పక్కన పెట్టుకుని రాసిన పేరా వాళ్ళకు మాటలు వచ్చో రావో తేల్చదని బడి తరఫు మనిషే సాక్ష్యంలో ఒప్పుకున్నాడు. జడ్జి దీన్ని ఎక్కడా వెక్కిరించలేదు. 100 గంటలు, 700 మాటలు, ఒక నిఘంటువు. అవన్నీ వరసన పెట్టి, తాను చెప్పే భాష రాని పంతులుతో ఆ భాషలో బోధన ఎలా సాగుతుంది అన్న ప్రశ్న దగ్గరికి మనల్ని నడిపించింది. ఏడొందల మాటలతో ఒకటో తరగతి పిల్లకు కడుపునొప్పి ఎక్కడుందో అడగవచ్చేమో, కూడిక నేర్పడం కష్టం.

మూడో ప్రశ్న దగ్గర ఇంకో లోపం బయటపడింది. ఈ పిల్లల చదువు ఎలా సాగుతోందో బడి ఇంగ్లీషు పరీక్షలతోనే కొలుస్తోంది. స్పానిష్‌లో లెక్కలు నేర్చుకున్న పిల్లను ఇంగ్లీషులో లెక్కలడిగితే తెలిసేది ఆమె ఇంగ్లీషు సంగతే. సరైన కొలత లేకపోతే మూడో ప్రశ్నకు జవాబే ఉండదని గుర్తించింది రాండల్. ఇంకొక సూక్ష్మం కూడా పట్టుకుంది. ముందు ఇంగ్లీషు మీదే దృష్టి పెట్టి తర్వాత తక్కిన పాఠాలు చెప్తాం అనే స్వేచ్ఛ బడికి ఉంది, కాని ఆలోగా తప్పిపోయిన లెక్కలు, సామాన్య శాస్త్రం, సాంఘికం తిరిగి అందించే బాధ్యత కూడా ఆ బడిదే. ఇంగ్లీషు వచ్చేసరికి మిగతావన్నీ పోయి ఉంటే గోడ దాటించినట్టు కాదు.

లోటు లేని పని కాదిది. మొదటి ప్రశ్న మరీ వదులు. ఏ పద్ధతికైనా ఎవరో ఒక నిపుణుడు దొరక్కపోడు. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు 227వ ప్రతిపాదనతో రెండు భాషల బోధనను దాదాపు మూలకు నెట్టినప్పుడు ఈ క్లాజు దాన్ని ఆపలేదు. అదే రాష్ట్రం 2016లో 58వ ప్రతిపాదనతో తలుపులు మళ్ళీ తెరిచినప్పుడూ అడ్డుపడలేదు. 2009లో అరిజోనాలోని నొగాలెస్ పిల్లల కేసు, హార్న్ వర్సెస్ ఫ్లోరెస్‌లో, సుప్రీంకోర్టు 5-4తో చీలి, ఎంత ఖర్చు పెట్టారన్నది కాదు, ఫలితమేమిటన్నదే చూడాలంటూ రాష్ట్రాలకు కొంత వెసులుబాటు ఇచ్చింది. డబ్బు లేకుండా ఫలితం ఎక్కడినుంచి వస్తుందన్న బాధ నాకు ఆ తీర్పు చదివినప్పుడు కలిగింది, ఇప్పటికీ ఉంది. మరోవైపు 2001లో అలెగ్జాండర్ వర్సెస్ శాండొవల్ కేసుతో, ఉద్దేశం రుజువు చేయకుండా పౌరహక్కుల చట్టం కింద తల్లిదండ్రులు నేరుగా కోర్టుకెక్కే దారి మూసుకుపోయింది. డగ్లస్ ఎంచుకున్న చిన్న గుమ్మం అలా ఇంకా ఇరుకైపోయాక, బరువంతా ఈ పాతిక మాటల మీద పడింది. అవి మోస్తున్నాయి.

మర్నాడు చెల్లెలికి ఫోన్ చేశాను. అది అడిగిన మొదటి మాట: "మా వాడి బడిలో తెలుగు పిల్లలు ఇంకెవరూ లేరన్నయ్యా. వీడొక్కడి కోసం ఏం చేస్తారు?" టెక్సస్ చట్టం ప్రకారం ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ మొత్తం మీద ఒకే తరగతిలో, ఒకే భాషకు చెందిన, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు 20 మంది తేలితే రెండు భాషల బోధన పెట్టాలి. అంతకు తక్కువైతే ఇంగ్లీషును ప్రత్యేకంగా నేర్పాలి. ఒక్కడే ఉన్నాడని వదిలెయ్యడానికి లేదు. ఆ క్లాసు వద్దనుకుంటే వద్దనే హక్కు తల్లిదండ్రులకు ఎలాగూ ఉంది. 'వ్యక్తి' అన్న మాట గురించి కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే తెలుగనే రాస్తాను" అంది.

రాసింది. పిల్లవాణ్ణి పరీక్షించారు, రోజూ కొంతసేపు విడిగా ఇంగ్లీషు చెప్తున్నారు. ఇలాంటి పిల్లలకు ఏటా పెట్టాల్సిన పరీక్ష ఒకటుంది, వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ విడివిడిగా చూస్తారు. దాని ఫలితాల కాగితం ఫోటో తీసి పంపింది. వినడం, మాట్లాడటం బాగా ముందుకెళ్ళాయి. రాయడం దాదాపు ఉన్నచోటే ఉంది. కింద దాని మెసేజ్: "గురువారం టీచరమ్మను కలుస్తున్నాను. రాయడం కోసం ఈ ఏడు ఏం చేశారు, వచ్చే ఏడు ఏం మారుస్తారు అని అడుగుతాను. నువ్వు చెప్పిన ఆ మూడో ప్రశ్న ఇదే కదా?"